పడ్డాడు, లేచాడు

నేను మత్స్యశాఖ నుంచి మోటార్‌సైకిల్ పందేల జట్టుకు డెప్యుటేషన్ మీద వచ్చాను. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. ఇరవై రెండేళ్ళపాటు చెరువుల్లో వదిలే చేపపిల్లల్ని లెక్కపెట్టినవాణ్ణి. కదిలే వాటిని లెక్కించడంలో అనుభవమున్న సీనియర్ అసిస్టెంట్ ఒకరు కావాలని రాష్ట్ర ద్విచక్ర పందేల ప్రోత్సాహక సంస్థ రాస్తే, మా శాఖ వెతికి వెతికి నా పేరు పంపింది. నా పేరు మంగపతి.

చేరిన రోజే నాకో రిజిస్టరు, వాకీటాకీల మాటలు వినిపించే ఒక స్పీకరు, సెకన్ల ముల్లున్న ఒక గోడగడియారం అప్పగించారు. రిజిస్టరు అట్ట మీద 'ప్రమాదముల నమోదు' అని ఉంది. లోపల కాగితాలు తెల్లగా మెరుస్తున్నాయి. తెల్ల కాగితం చూస్తే నాకు మనసు ఊరుకోదు, వెంటనే గీతలు గీసి గళ్ళు తయారుచేసుకున్నాను.

పందేల సీజను ఫిబ్రవరిలో మొదలవుతుంది. దానికి ముందు జనవరిలో ప్రతి జట్టూ తన బండిని ట్రాక్ మీద తిప్పి చూసుకుంటుంది. ఏ టైరు ఎంతసేపు పట్టు నిలుపుతుందో, ఏ స్ప్రింగు ఎంత బిగిస్తే బండి మలుపులో మాట వింటుందో తేల్చుకునేది అప్పుడే. అనంతపురం దాటాక రాళ్ళూ వేరుశనగ చేలూ తప్ప ఇంకేమీ లేనిచోట నల్లగుట్ట ట్రాక్ ఉంది. పదకొండు మలుపులు. మాకు పది రోజులిచ్చారు. హోసూరు నుంచి వచ్చిన ఒక ప్రైవేటు జట్టు కూడా అదే ట్రాక్ మీద అదే పది రోజులూ తిప్పుకుంటోంది.

మాకున్నది ఒకే బండి, రైడర్లు మాత్రం ఇద్దరు. పందెంలోకి వెళ్ళేది ఒక్కడే. ఇద్దరిలో ఒకడు ఫణీంద్ర, నిదానస్తుడు, పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టు నిటారుగా కూర్చుని నడుపుతాడు. రెండోవాడు హిందూపురం వైపు కుర్రాడు కదిరప్ప. ఆరేళ్ళు అద్దె బండ్ల మీద చిన్నాచితకా పందేలు తిరిగి, మొదటిసారి ఒక జట్టులో చేరాడు. పెద్ద పందెంలో ఒక్కసారి గీత వెనక నిలబడి పచ్చలైటు కోసం చూడాలి, అదొక్కటే అతని కోరిక. చేరిన రోజు నాతో ఆ మాటే చెప్పాడు. ఇంకేమీ అడగలేదు, టీ కూడా.

బండిని చూసుకునే పెద్ద మెకానిక్ గుంతకల్లు ఇమాంసాహెబ్. వీళ్ళందరి మీదా భద్రతాధికారి పరాంకుశం గారు.

పరాంకుశం గారి గురించి చెప్పాలి. ఆయన పూర్వం ఎక్కడో బాయిలర్ల తనిఖీలో పనిచేశారు. టీ అడిగినా ఉత్తర్వు భాషలోనే అడుగుతారు. "మంగపతిగారూ, తేనీరు సరఫరా విషయమై తక్షణ చర్య గైకొనవలసినది" అంటారు. సంస్థ ఆ ఏడాదిని భద్రతా సంవత్సరంగా ప్రకటించడంతో ఆయనకు రెక్కలొచ్చాయి. పరీక్షలు మొదలయ్యే రోజు ఉదయం అందరినీ నిలబెట్టి తాను రాసిన నియమావళి చదివారు. అందులో రెండో నియమం ఇది.

"పతనమనగా, విధి నిర్వహణలో నున్న చోదకుని శరీరములో పాదములు మినహా మరే భాగమైనను నేలను తాకుట. ప్రతి పతనమును ఒక ప్రమాదముగా పరిగణించి నమోదు చేయవలెను. ప్రతి ప్రమాదమునకు పసుపు జెండా ఊపవలెను, అంబులెన్సు కదలవలెను."

ఇమాంసాహెబ్ చేతిలో స్పానరు ఆగిపోయింది.

"సార్, పందెం బండి మలుపు తిరిగేటప్పుడు పక్కకు వంగుతాది. రైడరు మోకాలు నేలకు ఆనుతాది. అందుకే మోకాలికి ఆ ప్లాస్టిక్ బిళ్ళ కట్టేది. అది పడ్డం కాదు సార్."

"నేలను తాకునా, తాకదా?"

"తాకుతాది."

"అయితే నియమము స్పష్టముగా నున్నది" అన్నారు పరాంకుశం గారు.

తొమ్మిదింటికి టైర్ల మీద కప్పిన వేడి దుప్పట్లు తీశారు. కదిరప్ప బయల్దేరాడు. పదకొండు మలుపుల దగ్గరా పదకొండుమంది హోంగార్డులు వాకీటాకీలతో, జెండాలతో నిలబడి ఉన్నారు. నేను పెన్ను మూత తీశాను. మొదటి రౌండు నిదానంగా తిరిగాడు, ఏమీ లేదు. రెండో రౌండులో స్పీకరు పలికింది.

"ఒకటో మలుపు. పడ్డాడు, లేచాడు."

రాసుకున్నాను. గాయం గడిలో 'లేదు' అని నింపేలోపే మళ్ళీ పలికింది.

"రెండు. పడ్డాడు, లేచాడు."

"మూడు. పడ్డాడు, లేచాడు సార్. చానా బాగా పడ్డాడు."

చేపపిల్లలు నయం, అవి ఒకదాని వెనక ఒకటి వచ్చేటప్పుడు కాస్త తడుముకోవడానికి వ్యవధి ఇస్తాయి. ఇక్కడ నూట ఆరు సెకన్లలో పదకొండు ప్రమాదాలు. అయినా ఒక్కటీ వదల్లేదు. మలుపు నంబరు, గంట, నిమిషం, సెకను, ఏ మోకాలు, గాయం ఉందా లేదా, అన్నీ రాశాను. మధ్యాహ్నానికి మడతపెట్టిన వేళ్ళు తెరుచుకోలేదు. సాయంత్రానికి లెక్క తేలింది. ప్రమాదాలు మూడు వందల పద్దెనిమిది. గాయాలు లేవు.

అంబులెన్సు డ్రైవర్ ఏసోబు సంగతి ఇంకో రకం. ఒకటో మలుపులో ప్రమాదం అనగానే సైరన్ వేసుకుని బయల్దేరాడు. అక్కడికి చేరేసరికి ప్రమాదం అయిదో మలుపుకు వెళ్ళిపోయింది. అయిదో మలుపుకు చేరేసరికి తొమ్మిదికి వెళ్ళింది. నియమం ప్రకారం వెనక్కి రావడానికి వీల్లేదు గనక అతను కూడా ట్రాక్ చుట్టూ తిరిగాడు. మొదటి రోజు ఒక రౌండుకు ఆరు నిమిషాలు పట్టింది. మూడో రోజుకు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లకు వచ్చాడు. సాయంత్రాలు ఇమాంసాహెబ్ దగ్గర కూర్చుని అంబులెన్సు వెనక స్ప్రింగులు కాస్త బిగించగలరా అని అడిగేవాడు.

కష్టమల్లా హోసూరు జట్టుకొచ్చింది. పసుపు జెండా ఊపితే ట్రాక్ మీద ఉన్న వాళ్ళందరూ వేగం తగ్గించాలి. రోజంతా పదకొండు చోట్ల జెండాలు ఊగుతుంటే వాళ్ళ రైడరు ఊరేగింపులో ఉన్నట్టు తిరగాల్సి వచ్చింది. రెండో రోజు వాళ్ళ జట్టు పెద్ద మునిరత్నమ్మ, ట్రాక్ పక్కన మేం బండి ఆపుకునే పిట్‌కు వచ్చింది. యాభై దాటిన మనిషి, మోత విని ఇంజనులో ఏ నట్టు వదులైందో చెప్పేస్తుందని పేరు.

"ఏమండీ, మీ పిల్లోడు చక్కంగా తోల్తా ఉంటే, పడె పడె అని జెండాలు ఊపేది ఏమిటికి?"

"తమ అభ్యంతరమును తపాలా ద్వారా పంపవలసినది" అన్నారు పరాంకుశం గారు.

ఆమె ఆయన్ను కాసేపు చూసి వెళ్ళిపోయింది.

రెండో రోజు నాలుగు వందల రెండు ప్రమాదాలు. మూడో రోజు మూడు వందల తొంభై ఆరు. మూడో రోజు మధ్యాహ్నంలోనే మొత్తం వెయ్యి దాటింది. నియమావళిలో తొమ్మిదో నియమం ప్రకారం, వెయ్యి ప్రమాదాలు దాటిన చోదకుణ్ణి జట్టు నుంచి తొలగించాలి. నాలుగో రోజు ఉదయం పరాంకుశం గారు కదిరప్పను పిలిచి మెమో చేతిలో పెట్టారు. ఫణీంద్ర పక్కనే కూర్చుని బిస్కెట్టు తింటున్నాడు. అతని ఖాతాలో మూడు రోజులకు ఒక్క ప్రమాదమూ లేదు. అతనికి ఒక రౌండు మూడు నిమిషాలు పడుతుంది, అది వేరే విషయం.

కదిరప్ప మెమోను రెండుసార్లు చదువుకున్నాడు.

"నేను యాడ పడినా సార్? బండి మీదనే ఉండాను కదా."

"ఈ దినము వరకు వెయ్యిన్నూట పదహారు పర్యాయములు పడినట్లు రికార్డు చెప్పుచున్నది."

"పడింటే లేసేదానికి టైము పట్టదా సార్?"

"మీరు అతి శీఘ్రముగా లేచుచున్నారు. అది మీ సుగుణము. దానిని కాదనుట లేదు."

కదిరప్ప నావైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను. నా చేతిరాతలో తప్పేమీ లేదు. కానీ ఆ అబ్బాయి ముఖం చూస్తే నాకు బాధేసింది, అబద్ధమెందుకు చెప్పాలి.

"తమరు నాకు పందెం ఇయ్యండి సార్. మెమోలు ఎన్నైనా తీసుకుంటా" అన్నాడు.

పరాంకుశం గారు తొలగింపు ఉత్తర్వు టైపు చేయించమన్నారు. చేయించాను. సంతకం మాత్రం ఆ రోజు పెట్టలేదు. కఠిన చర్య తీసుకునే ముందు నివారణ చర్యలు ప్రయత్నించినట్టు ఫైలులో ఉండాలన్నది ఆయన పద్ధతి.

మొదటి నివారణ చర్యగా ఇంజనీరింగ్ విభాగాన్ని సంప్రదించారు. మోకాలు నేలకు తగులుతోంది గనక నేలను దించితే సరిపోతుందని వాళ్ళు నివేదిక ఇచ్చారు. ప్రతి మలుపులోనూ లోపలి అంచున అడుగున్నర లోతు కాలువ తవ్వాలన్నారు. కాలువలో పడితే బండి పోతుంది కదా అని ఇమాంసాహెబ్ అడిగితే, అది నీటిపారుదల వారి పరిధిలోకి వస్తుందన్నారు. ఆ ఫైలు ఇంకా తిరుగుతోంది.

ఆ రోజే మునిరత్నమ్మ మళ్ళీ వచ్చింది. పరాంకుశం గారు లేరు. "జెండాలు ఎందుకు ఊపేదో ఆ లెక్క అయినా చూపించండి" అంది. ప్రమాదాల రిజిస్టరు ఎవరడిగినా చూపించాలని ఏడో నియమం. కుర్చీ వేసి ఇచ్చాను.

ఆమె ముందు విసుగ్గా పేజీలు తిప్పింది. తర్వాత ఒకచోట ఆగింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. వేలు పెట్టి ఏడో మలుపు వరసలు మాత్రమే వెతుక్కుంటూ చదివింది. పది నలభై రెండు, పదహారు సెకన్లు. పది నలభై నాలుగు, రెండు సెకన్లు. పది నలభై అయిదు, నలభై ఎనిమిది సెకన్లు. అలా పంతొమ్మిది వరసలు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సరిగ్గా నూట ఆరు సెకన్లు. ఆ తర్వాత మూడో మలుపు చూసింది. ఆ తర్వాత పదకొండోది.

"ఇది రాసింది ఎవరు?"

"నేనే."

"సెకను తప్పలేదా?"

"చేపపిల్ల కూడా తప్పలేదండి ఇరవై రెండేళ్ళలో."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఒక రౌండు బిరబిరా తోలేవాళ్ళు వందమంది ఉండారు. గడియారం పట్టుకుంటే అది నాకే తెలస్తాది. ప్రతి మలుపులోనూ, ఎండ పెరిగినా టైరు అరిగినా, అదే జాగాలో అదే క్షణానికి మోకాలు పెట్టేవాణ్ణి నేను చూసిందే లేదు. ఇన్నిసార్లు పడినోడు ఇంత సమంగా పడేది ఎట్లా అయ్యా?"

"అది రిజిస్టరు పరిధిలో లేదండి" అన్నాను.

ఆమె నవ్వలేదు. జిరాక్సు కావాలని అర్జీ రాసిచ్చి, నలభై రెండు పేజీలు తీసుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం వారపు నివేదిక కేంద్ర కార్యాలయానికి పంపాను. నాలుగు రోజులు, ఒక చోదకుడు, ప్రమాదాలు పద్నాలుగు వందల పన్నెండు, గాయాలు సున్నా.

అయిదో రోజు రెండో నివారణ చర్య అమలైంది. కదిరప్ప మోకాళ్ళను బెల్టులతో బండికి కట్టేశారు. రౌండుకు రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. ప్రమాదాలు సున్నా. పిట్‌లోకి వచ్చాక నేనూ ఇమాంసాహెబూ పట్టుకుని బెల్టులు విప్పాం. అతను గోడకు ఆనుకుని కూర్చుని బూట్లు విప్పకుండా చాలాసేపు ఉన్నాడు. ఇమాంసాహెబ్ నోరు తెరిచి తిట్టిన తిట్లు రాయడానికి నా రిజిస్టరులో గడి లేదు.

ఆరో రోజు ఉదయం కేంద్ర కార్యాలయం నుంచి ఫోనొచ్చింది. నాలుగు రోజుల్లో పద్నాలుగు వందల ప్రమాదాలంటే తన ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాల్సిందేనని భయపడుతూ పరాంకుశం గారు లేచి నిలబడి మాట్లాడారు. మాట్లాడుతూ మాట్లాడుతూ కూర్చున్నారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలారు. ఫోను పెట్టేసి, మొదటిసారిగా మామూలు మనిషిలా మాట్లాడారు.

"మంగపతీ, మనకు కలశం వచ్చేట్టుందయ్యా."

విషయమేమిటంటే, అఖిల భారత స్థాయిలో ఏటా ఒక భద్రతా కలశం ఇస్తారు. ప్రమాదాలు లేని సంస్థలు బోలెడున్నాయి, పని చేయకపోతే ప్రమాదాలుండవు కదా. అందుకని ఈసారి కొత్త కొలమానం పెట్టారు. ఎన్ని ప్రమాదాలు జరిగితే ఎంతమందికి గాయాలు కాలేదన్నది చూస్తారు. ఇప్పటిదాకా ముందున్నది ఎక్కడో ఒక సిమెంటు కర్మాగారం, తొమ్మిది వందల ప్రమాదాలు, రెండే గాయాలు. మాది చూసి వాళ్ళు కళ్ళు తేలేశారట. కాకపోతే మా పరీక్షలు ముగిసేలోపు ఆ కర్మాగారం కూడా లెక్క పెంచుకోవచ్చు. కాబట్టి పదో రోజు కమిటీ వచ్చేనాటికి మా ప్రమాదాలు మూడు వేలు దాటాలి.

గంటలో కొత్త సర్క్యులరు వచ్చింది. "ప్రమాదముల విషయమై సిబ్బంది ఉదాసీనత వహించరాదు."

బెల్టులు తీసేశారు. కదిరప్ప అడిగాడు.

"సార్, మోకాలు ఆనిచ్చొచ్చా?"

"తప్పనిసరి. వీలైనచో మోచేయి కూడ. మోచేయి వేరుగా నమోదగును."

కదిరప్ప ఈల వేసుకుంటూ హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ నాలుగు రోజులూ నల్లగుట్ట మీద పండగే. స్పీకరు ఊపిరి తీసుకోలేదు. "నాలుగు, మోకాలు. నాలుగు, మోచేయి. అయిదు, రెండూ." హోంగార్డులు కూడా హుషారెక్కి, ఏ మలుపుకు ఎన్ని వచ్చాయో పోటీలు పడ్డారు. ఆరో మలుపతను తనవైపు ప్రమాదాలు తక్కువ వేస్తున్నారని నా మీద ఫిర్యాదు పెట్టాడు. ఏసోబు అంబులెన్సులో మూడు నిమిషాల యాభై సెకన్లకు దిగాడు. ఎనిమిదో రోజు కదిరప్ప నూట అయిదు సెకన్లకు వచ్చాడు. ఇమాంసాహెబ్ గడియారాన్ని ముద్దు పెట్టుకున్నాడు.

ఫణీంద్ర ఖాతా మాత్రం ఇంకా సున్నా. అతనికి 'పనితీరు అసంతృప్తికరం' అని మెమో ఇచ్చారు. పాపం అతనికి అంత వంగడం రాదు. చివరికి ఒక పద్ధతి కనిపెట్టాడు. ప్రతి మలుపు దగ్గరా బండి ఆపి, స్టాండు వేసి, దిగి, మోకాలు నేలకు ఆనించి, లేచి, మళ్ళీ ఎక్కేవాడు. రౌండుకు పంతొమ్మిది నిమిషాలు, పదకొండు ప్రమాదాలు. నియమం ప్రకారం అన్నీ చెల్లుతాయి. రెండో రోజుకు అతని మోకాలు వాచేలా కనిపించింది. వాస్తే అది గాయం. గాయమొస్తే కలశం పోతుంది. పరాంకుశం గారు అప్పటికప్పుడు అతనికి నెల రోజుల సెలవు మంజూరు చేసి, వాపు ఇంటి దగ్గర వచ్చేలా బస్సెక్కించారు.

పదో రోజు కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దలు, వాళ్ళ అధ్యక్షుడికి డెబ్భై ఏళ్ళుంటాయి. పిట్ గోడ దగ్గర కుర్చీలు వేసి కొబ్బరినీళ్ళు ఇచ్చాం. కదిరప్ప రివ్వున వెళ్ళి రివ్వున వచ్చాడు. ఎదురుగా ఉన్న చివరి మలుపులో బండి నేలబారుగా వంగి, అతని మోకాలు తారు మీద గీసుకుంటూ పోయింది. చూడ్డానికి చాలా బాగుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

అధ్యక్షుడు కొబ్బరిబోండం కింద పెట్టి అడిగారు.

"ప్రమాదం ఎప్పుడు జరుగుతుందండీ?"

"జరిగినది. ఈ ఒక్క రౌండులో ఇరువది రెండు" అన్నారు పరాంకుశం గారు.

నేను రిజిస్టరు చూపించాను. ముగ్గురూ చూశారు. అధ్యక్షుడి కళ్ళు చెమ్మగిల్లాయి.

"నలభై ఏళ్ళుగా ఈ రంగంలో ఉన్నాను. కంటికి కూడా కనిపించనంత సురక్షితంగా ప్రమాదాలు జరగడం ఎక్కడా చూడలేదు."

మొత్తం మూడు వేల నూట తొంభై ఒకటి. కలశం ఇచ్చేశారు. శాలువాలు కప్పారు. మోకాలి బిళ్ళల్ని రాష్ట్రంలోని ప్రభుత్వోద్యోగులందరికీ పంచాలని అక్కడే తీర్మానం చేశారు. ఫొటోలు అయ్యాక పరాంకుశం గారు గొంతు సవరించుకుని ప్రసంగించారు.

"ఈ కలశము ఏడాదిపాటు మనవద్ద నుండును. ఆ కాలములో ఒక్క గాయమైనను జరిగినచో, లేదా ప్రమాదములు ఆగినచో, వెనుకకు తీసికొందురు. పందెములలో చోదకులు గాయపడుటకు అవకాశము కలదు. కావున మన జట్టు ఈ సంవత్సరము ఏ పందెములోను పాల్గొనదు. పరీక్షలు మాత్రము నిరంతరాయముగా కొనసాగును."

అందరూ చప్పట్లు కొట్టారు. కదిరప్ప హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను కొట్టలేదు.

కమిటీ భోజనాలకు లేవగానే పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాడు. వెనకాలే మునిరత్నమ్మ. తన దగ్గర రెండు బండ్లున్నాయి, రైడరు ఒక్కడే, ఈ అబ్బాయిని వదిలితే రెండో బండి ఇస్తానని సూటిగా చెప్పింది. వేరే జట్టులో చేరాలంటే పాత జట్టు వదులుతున్నట్టు కాగితమివ్వాలి. ఫిబ్రవరి పెద్ద పందేనికి పేర్లు ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు, అయిదింటి వరకు.

"అసంభవము" అన్నారు పరాంకుశం గారు. "సంస్థ ప్రమాదములలో నూటికి తొంభై ఎనిమిది ఇతనివే. ఇతడు సంస్థ ఆస్తి."

"సార్, నాకు పందెం గావాల. ఆరేండ్లు సార్. మీరు తోలనియ్యరు, వాళ్ళు తోలనిస్తామంటాండారు."

"ఇచ్చట రోజుకు నాలుగు వందల పర్యాయములు పడు అవకాశము ఎవరిత్తురు నాయనా? ఆలోచించుము."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, అదే జరిగింది. కదిరప్ప వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. ప్లాస్టిక్ బిళ్ళ అరిగి అరిగి కాగితంలా అయింది, దాన్నే వేళ్ళతో రుద్దుతున్నాడు.

"నేను తప్పు జేసినా మంగపతి సార్? కొంచెం తక్కువ వంగింటే బాగుండేదేమో."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. పరాంకుశం గారి మీద కాదు, నా మీద. మూడు వేలకు పైగా సార్లు 'పడ్డాడు' అని రాసింది నేనే. ఒక్కసారి కూడా పడని మనిషి గురించి.

అప్పుడే కలశం తాలూకు కాగితాలు సంతకాలకు పెట్టాలి. కమిటీ వారికి ధన్యవాదాలు, పత్రికలకు ప్రకటన, కొబ్బరిబోండాల రసీదు, శాలువాలకు రసీదు, మొత్తం ముప్ఫై. నేను సర్వీసులో ఏనాడూ ఒక కాగితాన్ని దాని వరస తప్పించి పెట్టలేదు. ఆ రోజు పెట్టాను. నాలుగో రోజు టైపు చేసి ఉంచిన తొలగింపు ఉత్తర్వును ఫైలులోంచి తీసి, కొబ్బరిబోండాలకూ శాలువాలకూ మధ్య దోపాను. ఫోల్డరు చంకలో పెట్టుకున్నాను. పట్టుబడితే నా పెన్షను గతేమిటని అడుగడుక్కీ అనుకుంటూనే నడిచాను.

పరాంకుశం గారు కలశాన్ని బల్ల మీద పెట్టుకుని అందులో తన ముఖం చూసుకుంటున్నారు. చూపు దాని మీదే ఉంచి సంతకాలు మొదలుపెట్టారు. కొబ్బరిబోండాలు. సంతకం. తర్వాతి కాగితం దగ్గర పెన్ను ఆగింది.

"మంగపతిగారూ, ఈ కలశము వెండిదా, వెండి పూతదా?"

"వెండిదే సార్. మీరంటే వాళ్ళకు అంత గౌరవం."

సంతకం పెట్టారు.

నాలుగు ఇరవైకి ఉత్తర్వు కదిరప్ప చేతిలో పెట్టాను. అతను పైకి చదివాడు. "సదరు చోదకుడు మితిమీరిన ప్రమాదకారి అయినందున, జట్టు నుండి తక్షణమే తొలగించడమైనది." మళ్ళీ చదివాడు. ఇమాంసాహెబ్ లాక్కుని ఇంకోసారి చదివాడు. అంత మంచి ప్రశంసాపత్రం తన జన్మలో చూడలేదని, ఆ అబ్బాయి భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మునిరత్నమ్మ మనిషి నాలుగు నలభై అయిదుకి పేరు ఇచ్చేశాడు. వ్యాను ఎక్కబోతూ కదిరప్ప వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. అతని మోకాలు నేలకు ఆనింది. నేను రాయలేదు.

మర్నాడు తొమ్మిదింటికి స్పీకరు మూగగా ఉంది. పరాంకుశం గారు రెండుసార్లు వచ్చి చూశారు.

"ప్రమాదములేవి?"

"కదిరప్పను తమరే తొలగించారు సార్. ఫణీంద్ర సెలవులో ఉన్నాడు." ఉత్తర్వు నకలు చూపించాను.

ఆయన తన సంతకాన్ని చాలాసేపు చూసుకున్నారు. అది తనది కాదనలేరు. చదవకుండా పెట్టానని అంతకన్నా అనలేరు. సున్నా ప్రమాదాలకు సున్నా గాయాలైతే కొలమానం ప్రకారం వచ్చేది సున్నాయే, సిమెంటు కర్మాగారం వాళ్ళు తలుపు దగ్గరే కాచుకుని ఉన్నారు. మధ్యాహ్నానికి కేంద్ర కార్యాలయం నుంచి ఉత్తర్వు తెప్పించుకున్నారు. చోదకుని పోస్టు ఖాళీగా ఉన్నందున, తదుపరి నియామకం జరిగే వరకు ఆ పోస్టుకు పూర్తి అదనపు బాధ్యతలు భద్రతాధికారికి అప్పగించారు.

ఆయనకు సైకిలు కూడా రాదు. నియమావళిలో బండి ఉండాలని ఎక్కడా లేదు గనక, మోకాళ్ళకు బిళ్ళలు కట్టుకుని నడిచే తిరుగుతున్నారు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, వంగి, మోకాలు నేలకు ఆనించి, హోంగార్డు వైపు చూస్తారు. హోంగార్డు జెండా ఊపుతాడు. ఏసోబు అంబులెన్సును పక్కనే నిదానంగా నడిపిస్తుంటాడు, అతనికి ఈ మధ్య పనిలో ఉత్సాహం పోయింది. నేను రాసుకుంటాను.

ఫిబ్రవరి రెండో ఆదివారం పెద్ద పందెం జరిగింది. సాయంత్రం నాలుగింటికి ఇమాంసాహెబ్ ఫోను చెవికి పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. కదిరప్ప మొదట వచ్చాడు, రెండోవాడి కంటే తొమ్మిది సెకన్ల ముందు. నేను చెప్పడానికి వెళ్ళేసరికి పరాంకుశం గారు ఆరో మలుపు దగ్గర మోకాలి మీద ఉన్నారు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. విని, మోకాలి బిళ్ళ సర్దుకున్నారు.

"గాయములేమైనా కలవా?" అని అడిగారు.

"లేవు సార్. ఒక్కటి కూడా."

"సంతోషము" అని, నా భుజం పట్టుకుని లేచి, ఏడో మలుపు వైపు నడిచారు.